జెట్ యుద్ధవిమానాల స్కేల్ మోడళ్లు: నిర్మాణం, నగిషీ, ఉత్తర తెలంగాణ చేతిపనులు

నిజమైన యుద్ధవిమానం కొలతలన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి కట్టిన నమూనాను స్కేల్ మోడల్ అంటారు. రెక్కల వెడల్పు 72వ వంతుకు తగ్గితే చక్రం వ్యాసం, పైలట్ కూర్చునే సీటు, తోక మీది అంకె ఎత్తు అన్నీ 72వ వంతుకే తగ్గాలి. ఆటబొమ్మకు ఈ కట్టుబాటు లేదు. చూడగానే విమానమని తెలిస్తే దాని పని అయిపోయినట్టే. మోడల్‌ను చూసినవాడు మాత్రం అది మిగ్-21లో ఏ రకం, ఏ స్క్వాడ్రన్‌ది, ఏ ఏడాది నాటిదో చెప్పగలగాలి. మంచి మోడల్ ఒక జాతి విమానానికి ప్రతినిధి కాదు. ఫలానా సంఖ్య గల ఒకే ఒక విమానం ఒకానొక రోజున ఎలా ఉందో చెప్పే దస్తావేజు. తయారీలోని కష్టమంతా, వాదులాటలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

ఇంజన్, రేడియో పెట్టి ఎగరేసే ఏరోమోడలింగ్ వేరే విద్య. ఎన్‌సీసీ వైమానిక విభాగం క్యాడెట్లు నేర్చుకునేదాంట్లో అది ఉంది. అఖిల భారత వాయు సైనిక్ క్యాంపులో దాని మీద పోటీలూ జరుగుతాయి. ఈ వ్యాసం అల్మారాలో నిలబెట్టే మోడళ్లకే పరిమితం.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో (2016 అక్టోబరు తర్వాత ఇవి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వంటి జిల్లాలుగా విడిపోయాయి) జెట్ విమానాల స్థావరం ఏదీ లేదు. ఆదిలాబాద్‌లో నిజాం కాలపు ఎయిర్‌స్ట్రిప్, రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో ఇంకొకటి ఉన్నాయి. జెట్లను నిత్యం చూడాలంటే దక్షిణానికి, హైదరాబాద్ శివార్లలోని హకీంపేట, దుండిగల్ వైపు పోవాలి. లేదా కర్ణాటకలోని బీదర్‌కు. అయితే మోడల్‌కు కావలసిన హస్తకౌశలాలు రెండు ఈ నేల మీదే ఉన్నాయి. తేలిక చెక్కను చెక్కి, అతుకు కనపడకుండా పూడ్చి, రంగు వేసే నిర్మల్ పని ఒకటి. వెంట్రుకను పోలిన వెండి తీగను మెలిపెట్టి అతికే కరీంనగర్ ఫిలిగ్రీ రెండోది. ప్లాస్టిక్ కిట్ కట్టేవాడికి ఈ ఇద్దరి నుంచీ నేర్చుకోవలసింది ఉంది.

స్కేలు లెక్క

విమాన మోడళ్లలో ఎక్కువగా వాడే స్కేళ్లు నాలుగు: 1/144, 1/72, 1/48, 1/32. అంకెలు వింతగా కనిపించడానికి కారణం అడుగులు, అంగుళాలు. 1/72లో ఆరడుగులు ఒక అంగుళమవుతాయి, అంటే ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తు. 1/48లో అడుగుకు పావు అంగుళం.

ఏ స్కేలు ఎంచుకోవాలన్నది చాలావరకు ఇంటి అల్మారాయే తేలుస్తుంది. మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, 1/72లో అది పది సెంటీమీటర్ల లోపే, 1/48లో పదిహేను. నాట్ యుద్ధవిమానం ఇంకా చిన్నది, 1/72లో అరచేతిలో ఇమిడిపోతుంది. సుఖోయ్-30 ఎంకేఐ పొడవు దాదాపు 22 మీటర్లు కాబట్టి 1/48లో 45 సెంటీమీటర్లు దాటుతుంది. విశాఖ బీచ్ రోడ్డులో 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా ఉన్న టీయూ-142 జెట్ కాదు గానీ, దాని 53 మీటర్ల పొడవు 1/72లో కూడా 73 సెంటీమీటర్లకు పైనే. ఆ మోడల్ కట్టాలనుకునేవారు ముందు వడ్రంగిని కలవడం మేలు.

స్కేలు కంటికి కనపడనిచోటా పనిచేస్తుంది. 1/72 మోడల్ మీద 0.2 మిల్లీమీటర్ల వెడల్పున గీసిన ప్యానెల్ గీత నిజమైన విమానంపై 14 మిల్లీమీటర్ల పైచిలుకు సందు అవుతుంది. అంత సందున్న విమానాన్ని ఏ ఇంజనీరూ ఎగరనివ్వడు. అయినా పూర్తిగా గీత లేకపోతే కంటికి విమానం అనిపించదు. కాబట్టి మోడల్ ప్రతిచోటా కొద్దిగా అబద్ధమాడుతుంది. ఎక్కడ ఎంత ఆడాలో తెలియడమే నైపుణ్యం.

చెక్క నుంచి ప్లాస్టిక్‌కు

ఈ విద్య చెక్కతో మొదలైంది. 1930ల ఆరంభంలో బ్రిటన్‌లో స్కైబర్డ్స్ పేరుతో వచ్చిన చెక్క కిట్లు 1/72 స్కేలును పాదుకొల్పాయి. 1936లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ పేరుతో సెల్యులోజ్ అసిటేట్ కిట్లు తెచ్చింది. ప్లాస్టిక్ విమాన కిట్లకు అవే ఆద్యం. 1942లో అమెరికా నౌకాదళం శత్రు విమానాలను ఆకారం చూసి గుర్తుపట్టే శిక్షణ కోసం ఐదు లక్షల మోడళ్లు కావాలని కోరితే, పాఠశాలల పిల్లలు చెక్క చెక్కి ఇచ్చారు. వాటికీ స్కేలు 1/72. శిక్షణలో ఒక విమానాన్ని పెద్దదిగా, మరోదాన్ని చిన్నదిగా చూపితే గుర్తుపట్టడమే తారుమారవుతుంది కనుక స్కేలును అంత పట్టుగా పాటించారు. యుద్ధం తర్వాత పాలిస్టైరీన్ వచ్చింది. 1953లో ఎయిర్‌ఫిక్స్ తన మొదటి 1/72 విమానం స్పిట్‌ఫైర్‌ను విడుదల చేసింది.

జపాన్ కథ నిర్మల్‌కు మరింత దగ్గర. షిజువోకా నగరం చెక్కపనికి పేరు. అక్కడి తమియా సంస్థ 1946లో కలప వ్యాపారంగా పుట్టి, చెక్క మోడళ్లకు మళ్లి, 1960 ప్రాంతంలో ప్లాస్టిక్‌కు మారింది. హసెగావా కూడా ఆ ప్రాంతానిదే. ఇవాళ ప్రపంచ ప్లాస్టిక్ మోడళ్లకు ఆ నగరం రాజధాని వంటిది.

నిర్మల్‌లో పొనికి చెక్కతో బొమ్మలు చేస్తారు. అది బరువు లేని, మెత్తని చెక్క. ఉలికి ఎదురు తిరగదు. విదేశీ మోడలర్లు వాడే బాల్సాకు మన అడవుల్లో దొరికే దాయాది అనుకోవచ్చు. ముక్కలు విడిగా చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, చింతగింజల జిగురుతో అతికి, అతుకుల మీద రంపపు పొట్టు కలిపిన ముద్ద పూస్తారు. కొండపల్లిలో ఈ ముద్దనే మక్కు అంటారు. అది ఆరాక మళ్లీ రాపిడి, తెల్లపూత, ఆపైన రంగులు. ఇప్పుడు ఎక్కువగా వాడేది డ్యూకో పెయింటు. ఈ వరుసను ప్లాస్టిక్ కిట్ కట్టే వరుస పక్కన పెడితే అతుకు, పుట్టీ, రాపిడి, ప్రైమర్, రంగు అన్నీ అదే క్రమంలో వస్తాయి. 1955లో ఏర్పడిన నిర్మల్ కళాకారుల సహకార సంఘం ఈ పనికి నిలయం. 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మరి నిర్మల్ షిజువోకా ఎందుకు కాలేదు? చేతిలో పనితనం లేక కాదు. ప్లాస్టిక్ కిట్‌కు మూలం ఉక్కు అచ్చు. ఒక్క అచ్చుకే భారీ పెట్టుబడి, వేల సంఖ్యలో అమ్ముడుపోయే విపణి కావాలి. రెండో కారణం కళ స్వభావంలో ఉంది. నిర్మల్ కళాకారుడు చిలుకను చెక్కితే అది చిలుకలన్నిటికీ చెందిన చిలుక. దాని సొంపు అక్కడే. మోడలర్‌కు కావలసింది ఫలానా కొమ్మ మీద ఫలానా రోజు వాలిన చిలుక, విరిగిన ఈకతో సహా. ఈ రెండు చూపులలో ఒకటి గొప్పదనీ మరొకటి తక్కువనీ అనడానికి లేదు.

హైదరాబాద్ పేరు మోసిన జెట్లు

ఈ ప్రాంతపు మోడలర్ తన నేలతో ముడిపడిన విమానం కోసం వెతికితే దారి చిత్రంగా ఇంగ్లండుకు పోతుంది. కరీంనగర్, ఆదిలాబాద్ నిజాం ఏలుబడిలో ఉన్న కాలంలో, మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918లో నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. వాటిలో ఎఫ్ 1010 అనే విమానం జర్మన్ల చేత చిక్కి, బెర్లిన్, పోలండ్ తిరిగి చివరికి లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియం చేరింది. రెండో ప్రపంచయుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు, 253వ దానికి హైదరాబాద్ స్టేట్ పేరు పెట్టారు. 152 చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా.

ఇవన్నీ పంకా విమానాల కాలం ముచ్చట్లు. అసలు విశేషం తర్వాతిది. 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసిపోయింది. ఆ తర్వాత కూడా ఆ స్క్వాడ్రన్లు పేరు మార్చుకోలేదు. 1954లో 152వ స్క్వాడ్రన్ మళ్లీ ఏర్పడి 1958 దాకా మీటియర్ ఎన్ఎఫ్ 12, 14 రకాల రాత్రి యుద్ధవిమానాలు నడిపింది. 253 కూడా 1955 నుంచి 1957 దాకా వెనమ్ జెట్లు నడిపింది. రాజ్యం పోయిన ఆరేళ్లకు దాని పేరుతో జెట్లు ఇంగ్లండు ఆకాశంలో ఎగిరాయన్నమాట. మీటియర్ రాత్రి విమానానికి 1/72లో మ్యాచ్‌బాక్స్ కిట్ ఉండేది. ముక్కులో రాడార్ ఉన్నందున పొడవాటి మూతి, ఇరువైపులా రెక్కల్లో ఇంజన్లు, తిన్నని రెక్కలు: చూడటానికి అంత అందగత్తె కాదు. అయినా తెలంగాణ అల్మారాలో దానికంటూ ఒక చోటు దక్కాలి.

భారత వైమానిక దళ జెట్లు

మన మోడలర్లకు ఎక్కువ పని పెట్టింది మిగ్-21. 1963లో వచ్చి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకునేదాకా 870కి పైగా మన దళంలో చేరాయి. ఒకే పేరు మీద వచ్చినవన్నీ ఒకటి కావు. ఎఫ్ఎల్ రకానికి వెన్ను సన్నగా ఉంటుంది, గాలి వేగం కొలిచే పొడవాటి పిటో గొట్టం ముక్కు పైన నడిమధ్యన ఉంటుంది. బిస్ రకానికి వెన్ను ఉబ్బి, గొట్టం కుడి పక్కకు జరిగింది. బిస్ కిట్ కొని 1971 నాటి ఎఫ్ఎల్ గుర్తులు అంటించిన మోడళ్లు కోకొల్లలు. చెక్ సంస్థ ఎడ్వార్డ్ 2011 నుంచి 1/48లో తెచ్చిన మిగ్-21 కిట్లు ఈ తేడాల విషయంలో చాలావరకు నమ్మదగినవి.

1971 యుద్ధానికి ముందు వెండి రంగులో మెరిసే మిగ్-21లకు హడావుడిగా మరుగురంగులు పులిమారు. ఒక విమానపు మచ్చలు మరోదానిలా ఉండవు. అందుకే ఆ కాలపు విమానం కట్టేవాడికి ఆ సంఖ్య గల విమానం ఫొటోయే శరణ్యం, అదీ రెండు వైపులా.

కుర్ట్ టాంక్ రూపకల్పనలో 1961 జూన్ 17న ఎగిరిన హెచ్ఎఫ్-24 మరుత్ మన దేశంలో పుట్టిన మొదటి యుద్ధ జెట్. కట్టినవి 147. మంచి మరుత్ ప్లాస్టిక్ కిట్ కోసం మన మోడలర్లు ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. పేరున్న పెద్ద సంస్థలకు అది చిన్న బేరం. సొంతంగా చెక్కదలచినవారికి బెంగళూరు హెచ్ఏఎల్ హెరిటేజ్ సెంటర్‌లోని మరుత్ చూడదగినది. హైదరాబాద్ చుట్టుపక్కల ఎగరడం చూసే విమానాలలో మొదట చెప్పుకోవలసినది కిరణ్ శిక్షణ జెట్. 1964 సెప్టెంబరులో తొలిసారి ఎగిరిన ఈ విమానం పొడవు, వెడల్పు దాదాపు సమానం; 1/72లో రెండూ 15 సెంటీమీటర్లకు కాస్త లోపే. 1996లో బీదర్‌లో మొదలైన సూర్యకిరణ్ విన్యాసాల బృందం మొదట నడిపినవి ఇవే. ఇప్పుడు హాక్ జెట్లు నడుపుతోంది.

విమానం సంఖ్యకు ముందుండే అక్షరాలు కూడా చరిత్రే. జాగ్వార్‌కు జేఎస్, సుఖోయ్-30కి ఎస్‌బీ, తేజస్‌కు ఎల్ఏ. రాఫెల్ రెండు సీట్ల రకానికి ఆర్‌బీ అని పెట్టింది ఎయిర్ చీఫ్ మార్షల్ ఆర్.కె.ఎస్. భదౌరియా పేరు మీద. ఒంటి సీటు రకానికి బీఎస్, ఎయిర్ చీఫ్ మార్షల్ బి.ఎస్. ధనోవా పేరు మీద.

ఆధారాలు పోగేసేటప్పుడు ఒక హెచ్చరిక: నడుస్తున్న స్థావరాల దగ్గర ఫొటోలు తీయడం నిషిద్ధం. మ్యూజియంలు, గేట్ల ముందు పీఠమెక్కించిన పాత విమానాలు, బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శన చాలు. పీఠం మీది విమానాన్ని మాత్రం పూర్తిగా నమ్మరాదు. ఊళ్లో దొరికిన రంగుతో ఎవరో దానికి మళ్లీ పూత పూసి ఉంటారు.

కట్టడం

కిట్ పెట్టె తెరిస్తే చట్రాలకు అతుక్కున్న ముక్కలు వస్తాయి. వాటిని విరవకూడదు, సైడ్ కట్టర్‌తో కాస్త దూరంగా కోసి, మిగిలిన మొటిమను బ్లేడుతో చెక్కాలి. అచ్చు రెండు భాగాలు కలిసినచోట ప్రతి ముక్క మీదా సన్నని గీత తేలుతుంది. గుండ్రని కాలుకడ్డీల మీద అది మరీ కనిపిస్తుంది. ముక్కలను సబ్బునీళ్లలో కడగడం చాలామంది ఎగ్గొట్టే పని. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన నూనె మిగిలితే రంగు పట్టదు.

మోడల్ సిమెంటు జిగురు కాదు, ద్రావకం. అది పాలిస్టైరీన్‌ను కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. అందుకే అతుకు దగ్గర కరిగిన ప్లాస్టిక్ సన్నగా పైకి ఉబికితే మంచిది. అది ఆరాక గీకేస్తే పుట్టీతో పనే ఉండదు. ఫెవిక్విక్ వంటి జిగుర్లు రెసిన్, లోహపు ముక్కలకు. వాటిని పారదర్శకమైన కానోపీ దగ్గరకు రానివ్వకూడదు, ఆవిరికి దాని మీద తెల్లని పొర కమ్ముతుంది. కానోపీకి మామూలు తెల్ల జిగురే ఉత్తమం.

జెట్ మోడల్‌లో మొదట కట్టేది కాక్‌పిట్. ఆ తర్వాత విమానం శరీరం మూతపడుతుంది కనుక మళ్లీ చేయి పెట్టే వీలుండదు. మిగ్‌ల లోపలి రంగు రష్యన్ల నీలి ఆకుపచ్చ. పాశ్చాత్య జెట్లలో బూడిద రంగు. సీటు బెల్టులు, మీటల పలకలు తుప్పుపట్టని సన్నని ఇత్తడి రేకులో రసాయనంతో కొరికి తీసిన ముక్కలుగా విడిగా దొరుకుతాయి. 1/72లో బెల్టు బకిల్ ఆవగింజలో సగముంటుంది. ఇక్కడే కరీంనగర్ ఫిలిగ్రీ పనివారి పద్ధతి గుర్తుకు రావాలి. ఎలగందుల నుంచి కరీంనగర్‌కు వచ్చిన ఈ వెండి పనిలో తీగను కమ్మెచ్చు రంధ్రాల గుండా లాగి సన్నబరుస్తారు, పట్టకారుతో మెలిపెట్టి చట్రంలో అమర్చి, వెలిగారం పూసి వేడి చేసి అతుకుతారు. ముక్కను గాలిలో పట్టుకుని అతకరు, ముందు దాని చోట కూర్చోబెట్టి, ఆ తర్వాతే అతుకు వేస్తారు. మోడల్ చక్రాల గుంటలో బ్రేకు గొట్టాలు, తీగలు వేసేటప్పుడు ఈ ఒక్క సూత్రం పాటిస్తే సగం చిరాకు తగ్గుతుంది. గొట్టాలకు పాత మోటారు చుట్టల్లోని రాగి తీగ చక్కగా పనికొస్తుంది. చౌకగా దొరికేది, చెప్పినట్టు వంగేది అది.

శరీరం మూసే ముందు ముక్కులో బరువు వేయాలి. చాలా జెట్లకు మూడు చక్రాలు, ప్రధాన చక్రాలు వెనక్కి ఉంటాయి. ప్లాస్టిక్ మోడల్ బరువంతా తోక వైపు పడి విమానం వెనక్కి కూలబడుతుంది. మిగ్-21లో గాలి లోపలికి పోయే నోటి మధ్యన ఉన్న శంఖువు లోపలే బరువుకు చోటు. సీసం గుళ్లు తెల్ల జిగురుతో అతికిస్తే ఏళ్ల తర్వాత రసాయన చర్య జరిగి, ఉబ్బి మోడల్‌నే పగలగొడతాయి. ఇనుప గుళ్లు, ఎపాక్సీ క్షేమం.

గాలి నాళాలు జెట్ మోడల్‌కు అసలు పరీక్ష. నోట్లోంచి తొంగిచూస్తే రెండు సగాలు కలిసిన అతుకు కనపడకూడదు. అక్కడ ఉప్పుకాగితం పట్టుకున్న వేలు దూరదు. కొందరు తెల్ల రంగును లోపల పోసి తిప్పి ఒంపేస్తారు. ఇంకొందరు ఎర్రని మూతలు పెట్టి తప్పించుకుంటారు. నేల మీద నిలిపిన నిజమైన విమానాలకూ అవి ఉంటాయి కనుక ఎవరూ తప్పుపట్టలేరు.

అతుకులు మొత్తం రుద్దాక ప్యానెల్ గీతలు చెరిగిపోతాయి. వాటిని సూది మొన పనిముట్టుతో మళ్లీ గీయాలి. వాటర్ పేపర్‌ను తడిపి రుద్దడం ముఖ్యం. పొడి దుమ్ము, ముఖ్యంగా రెసిన్ దుమ్ము, ఊపిరితిత్తులకు చేటు.

రంగు, ఎండ, వాన

రంగు గురించిన పుస్తకాలు చల్లని దేశాల్లో రాసినవి. రామగుండం ఎండల్లో, నలభై అయిదు డిగ్రీల దాపున, ఎయిర్‌బ్రష్ నుంచి వెలువడిన యాక్రిలిక్ రంగు మోడల్‌ను తాకేలోపే సగం ఆరిపోతుంది. ఉపరితలం గరుకుగా, ఇసుక చల్లినట్టు తేలుతుంది, నాజిల్ మూసుకుపోతుంది. ఆరిక నిదానింపజేసే ద్రవం కలపడం, తెల్లవారుజామున పని పెట్టుకోవడం తప్ప మార్గం లేదు. రంగు పాల చిక్కదనానికి పలచబడాలి, గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ. వానాకాలంలో చిక్కు ఇంకొకటి: లాకర్ రంగుల థిన్నర్ వేగంగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద కూర్చుని తెల్లని మసక పడుతుంది. నల్లరంగు మీద ఇది దారుణంగా కనపడుతుంది. ఆదిలాబాద్ చలికాలం రాత్రుల్లో ఎనామెల్ రంగు రోజుల తరబడి ఆరదు. ఇక గోదావరిఖని వంటి బొగ్గు ఊళ్లలో దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. తడి రంగు మీద మూత పెట్టే డబ్బా సిద్ధంగా ఉంచుకోవాలి. పూర్తయిన మోడల్‌ను ఎండలో ఆపిన కారులో మరిచిపోతే సన్నని రెసిన్ ముక్కలు, పిటో గొట్టం వంగిపోతాయి.

లోహపు రంగు విమానాలకు అడుగున నిగనిగలాడే నలుపు వేసి దానిపై వెండి రంగు పలచగా కొడతారు. అడుగు పూతలో ఉన్న ప్రతి గీరా పైకి తేలుతుంది. ఈ రంగు ఏ తప్పునూ దాచదు. మరుగురంగుల విమానాలలో అసలు రంగు డబ్బా తెచ్చి యథాతథంగా వేస్తే మోడల్ నల్లగా, బరువుగా కనిపిస్తుంది. దూరం నుంచి చూసే పెద్ద వస్తువు రంగు గాలి వల్ల వెలిసినట్టుంటుంది కనుక కొద్దిగా తెలుపు కలుపుతారు. ఎంత కలపాలన్నది మోడలర్ల మధ్య తెగని తగాదా. ఈ వ్యాసకర్త లెక్కలో పదోవంతు కూడా ఎక్కువే.

రంగు ఆరాక మెరుపు పూత. దాని మీద నీళ్లలో నానబెట్టి జరిపే డెకాల్స్. గరుకు ఉపరితలంపై నేరుగా అంటిస్తే అడుగున గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది, గుర్తు చుట్టూ పారదర్శక అంచు కనబడిపోతుంది. మన వైమానిక దళ గుర్తు బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ. విదేశీ కిట్లలో కాషాయం తరచు నారింజకో ఎరుపుకో జారుతుంది.

ఆఖరిది పాతబడిన రూపు. ప్యానెల్ గీతల్లోకి పలచని ముదురు రంగు పారించి పైది తుడిచేస్తారు. దాన్ని అన్ని గీతల్లో ఒకే మోతాదులో నింపితే విమానం మీద గళ్లు పరిచినట్టుంటుంది. నూనె కారేది కొన్ని చోట్లే, పొగచారలు ఫిరంగి నోటి వెనక, ఎగ్జాస్ట్ చుట్టూ మాత్రమే. నిర్మల్ బొమ్మ ఆఖరి పూతతో మెరుస్తుంది. మోడల్ ఆఖరి పూతతో మెరుపు పోగొట్టుకుంటుంది. నిలిపి ఉంచిన విమానంలో హైడ్రాలిక్ ఒత్తిడి తగ్గి కొన్ని తలుపులు, అదుపు పలకలు కిందికి వాలుతాయి. మోడల్‌లో వాటిని వాల్చాలా వద్దా అన్నదానికి మళ్లీ ఫొటోయే ప్రమాణం.

ధర, దొరకడం

ఉత్తర తెలంగాణ పట్టణాల్లో ఇలాంటి కిట్ ఆటబొమ్మల దుకాణాల్లో దొరికేది కాదు, తెప్పించుకోవలసిందే. కస్టమ్స్ పట్టికలో స్కేల్ మోడళ్లు ఆటబొమ్మల శీర్షిక కిందికే వస్తాయి. ఆటబొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. చైనా చౌక బొమ్మలను అడ్డుకోవడానికి తెచ్చిన ఈ పెంపు పెద్దవాళ్ల కాలక్షేపాన్ని కూడా కలిపి కొట్టింది.

ఆ ఖరీదుకు ఇక్కడివారు వెతుక్కున్న బదులు సామగ్రి చాలానే ఉంది. ఎపాక్సీ పుట్టీకి ఎమ్-సీల్, ప్రైమర్‌కు కార్లకు రంగేసే దుకాణం డబ్బా, పాలిష్‌కు వాటర్ పేపర్ రెండువేల నంబరు. కార్ల ప్రైమర్ థిన్నర్ ఘాటుగా ఉంటుంది కాబట్టి పనికిరాని ముక్క మీద పరీక్షించకుండా మోడల్ మీద కొట్టకూడదు. పలచని పూతలు కాక ఒకేసారి తడిపితే ప్లాస్టిక్ కరిగి ముడతలు పడుతుంది. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవంలో ఉండే అసిటోన్‌కూ ఇదే జాగ్రత్త. పొనికి చెక్క సంపాదించగలిగినవారు నాట్, మిగ్ వంటి చిన్న జెట్లను 1/48లో ఒకే దిమ్మ నుంచి చెక్కుకోవచ్చు. పక్క, పై, అడ్డుకోత చిత్రాలు మూడూ అట్ట మీద కత్తిరించి, చెక్కుతూ మధ్య మధ్య ఆ అట్టలు ఆనించి చూసుకోవడం పాత పద్ధతి. చెక్క రంధ్రాలు మూయడానికి మూడు నాలుగు పూతల ప్రైమర్ పడుతుంది. తొందరపడి రెండింటితో ఆపితే వెండి రంగు కింద చెక్క నార తేలి కనపడుతుంది.